పదకొండేళ్ల దుబాసీ

మా వీధిలో ఎవరికి జ్వరం వచ్చినా ముందు డాక్టరు దగ్గరికి పోరు. అడెపు రవళి బడి నుంచి వచ్చిందా లేదా అని చూస్తారు.

మాది మహారాష్ట్రలో ఒక మరమగ్గాల పట్నం. పేరు చెప్పను. చెబితే అక్కడి ఆఫీసువాళ్లు నొచ్చుకుంటారు. మా వీధి నిండా సిరిసిల్ల వైపు నుంచి బతకడానికి వచ్చిన పద్మశాలీలే. నేను ఇక్కడి తెలుగు బడిలో ఇరవై ఆరేళ్లుగా పంతుల్ని. ఆ బడిలో ఇప్పుడు అయిదో తరగతికి ముగ్గురు పిల్లలున్నారు, అందులో ఇద్దరు అన్నదమ్ములు. మిగతా పిల్లలంతా మరాఠీ బడికి పోతారు. అందువల్ల మా దగ్గర పిల్లలకు రెండు భాషలు వచ్చు, తల్లులకు ఒక్కటే వచ్చు. తండ్రులకు వచ్చిన మరాఠీ మగ్గాల చప్పుడులో నేర్చుకున్నది, అరవడానికి తప్ప పనికిరాదు. రవళి తండ్రి మార్కండేయ ఒకసారి బ్యాంకులో పాసుబుక్కు అడిగితే కాపలావాడు ఆయనను పట్టుకొని బయటికి పంపాడు. ఆయన మామూలుగానే అడిగానన్నాడు.

రవళికి పదకొండేళ్లు. రేషన్ కార్డులో పేరు ఎక్కించడం దగ్గర్నుంచి, కరెంటు మీటరు మార్పించడం దాకా వీధిలో అందరి పక్కనా నిలబడి రెండు వైపులా మాట్లాడేది ఆ పిల్లే. ఒకరోజు నా దగ్గరికొచ్చి, "సార్, గర్భసంచి అంటే ఏంది?" అని అడిగింది.

"పెద్దయ్యాక తెలుస్తుందిలే," అన్నాను.

"పెద్దయినంక నన్నెవరు అడుగుతరు సార్? డాక్టరు రేపే అడుగుతడు."

అడిగింది వాళ్లమ్మ సంగతి. వాళ్లమ్మ భూలక్ష్మి ఇంట్లో మగ్గాలకు నూలు కండెలు చుడుతుంది. రెండు నెలలుగా ఆమెకు రక్తం పోతోంది. గర్భసంచిలో గడ్డ ఉందని, తీసెయ్యాలని పెద్దాసుపత్రిలో చెప్పారు. ఆ మాట భూలక్ష్మికి చెప్పింది కూడా రవళే. ఆపరేషన్ ఉచితంగా జరగాలంటే వలస కుటుంబాల భాషా సౌకర్య కేంద్రం నుంచి సిఫారసు కాగితం తెమ్మన్నారు. భూలక్ష్మి అర్జీ పెట్టింది, నంబరు ఇచ్చారు, పిలుస్తామన్నారు.

ఇంతలో బడి గొడవ వచ్చింది.

రవళి క్లాసు టీచరు జోగ్ళేకర్ బాయి తల్లిని పిలిపించింది. భూలక్ష్మి ఉతికిన చీర కట్టుకొని పోయింది. టీచరు బల్ల మీద వేలితో కొడుతూ మరాఠీలో ఏదో అంది.

"ఏమన్నదే?" అని తల్లి అడిగింది.

"నేను మస్తు మాట్లాడ్తనట."

"నిజంగనా?"

"క్లాసుల అందరికన్న ఎక్కువ మాట్లాడ్తనట. ఆపుమన్నా ఆపనట."

టీచరన్నదీ అదే. రవళి ఒక్క ముక్క మార్చలేదు. కాని భూలక్ష్మి ఈ ఊళ్లో పన్నెండేళ్లుగా నోరు మూసుకొని బతుకుతున్న మనిషి. కూరగాయలవాడి దగ్గర కూడా వేలు చూపిస్తుంది. తన బిడ్డ మరాఠీ పిల్లలందరికంటే ఎక్కువ మాట్లాడుతోందని ఒక మరాఠీ టీచరే పిలిచి చెప్పేసరికి ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి. టీచరుకు రెండు చేతులతో దండం పెట్టి ఇంటికొచ్చింది. మర్నాడు పొద్దున్నే సర్వపిండి కాల్చి, స్టీలు డబ్బాలో పెట్టుకొని బడికి పోయింది.

"ఇదెందుకు?" అంది టీచరు.

"నేను ఎక్కువ మాట్లాడుతున్నందుకు మా అమ్మ మీకు సంతోషంతో ఇస్తోంది," అని రవళి మరాఠీలో చెప్పింది.

తనను తల్లీకూతుళ్లు కలిసి వెక్కిరిస్తున్నారని టీచరు హెడ్మాస్టరుకు రాసింది. వలస వాళ్ల విషయం కాబట్టి హెడ్మాస్టరు దాన్ని భాషా సౌకర్య కేంద్రానికి పంపాడు. ఆ కేంద్రం అధికారి ఇంటిపేరు సహస్రబుద్ధే. నేను పెట్టింది కాదు, మరాఠీవాళ్లలో ఉన్న ఇంటిపేరే. ఆయన ఎంత చిన్న విషయాన్నయినా చిన్నదిగా వదిలేసే మనిషి కాదు. విచారణ జరిపాడు. ఆయన నివేదికను తెలుగు చేసి రాస్తున్నాను:

"సదరు బాలిక చేసిన అనువాదము పదము పదమునకు సరిపోయినది. అయినను ఫిర్యాదు వినిన తల్లి సంతోషించినది. ఫిర్యాదు విని సంతోషించుట జరిగినచో అనువాదములో లోపమున్నట్లే భావింపవలెను."

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. బాలల లేత మనసుల మీద పెద్దల వ్యవహారాల భారం పడరాదు కనుక, పద్దెనిమిదేళ్లు నిండనివారు ఏ కార్యాలయంలోనూ ఎవరి మాటలనూ ఎవరికీ తర్జుమా చేయరాదు. ఇకపై ప్రమాణపత్రం పొందిన దుబాసీ ద్వారానే మాట్లాడాలి. దుబాసీని త్వరలో నియమిస్తారు. అంతవరకు పనులు యథావిధిగా సాగుతాయి.

యథావిధిగానే సాగాయి. ఆడవాళ్లు క్యూలో నిలబడ్డారు, లోపలికి పోయారు, తెలుగులో చెప్పారు, బయటికొచ్చారు. గుమాస్తా రిజిస్టరులో ఒక్కొక్కరి పేరెదురుగా ఇలా రాశాడు: "అర్జీదారు కొన్ని ధ్వనులు చేసినారు. భావము తెలియరాలేదు." మొదటి రోజు పందొమ్మిది మంది ధ్వనులు చేశారు.

రెండో రోజు పిల్లలు ఉత్తర్వును శ్రద్ధగా చదివారు. కార్యాలయంలో తర్జుమా చేయరాదని ఉంది గాని కార్యాలయం గోడ మీద చేయరాదని లేదు. ఆరుగురు పిల్లలు ప్రహరీగోడ ఎక్కి కూర్చున్నారు. లోపల అధికారి అడిగిన ప్రశ్న కిటికీలోంచి వినిపించగానే బయటి నుంచి తెలుగులో అరిచేవాళ్లు. లోపల తల్లి జవాబు చెప్పగానే మరాఠీలో అరిచేవాళ్లు. అందరికంటే రవళి గొంతు బాగా వినపడేది. దారిన పోయేవాళ్లకు మా వీధి ఆడవాళ్ల రోగాలన్నీ రెండు భాషల్లో తెలిసిపోయాయి. మూడో రోజు సహస్రబుద్ధే కిటికీ మూయించి, గోడకు యాభై మీటర్ల లోపు పిల్లలు ఉండరాదని ఇంకో ఉత్తర్వు వేశాడు. గోడకు ముప్ఫై మీటర్లలో ఉన్నది వాళ్ల బడే. బడికి రెండు రోజులు సెలవిచ్చి, తర్వాత ఆ ఉత్తర్వును సవరించారు.

భూలక్ష్మి నంబరు ఇంకా రాలేదు. ఆమె పాలిపోయింది. కండెలు చుడుతూ చుడుతూ మధ్యలో గోడకు ఆనుకొని కళ్లు మూసుకునేది. మార్కండేయ నా దగ్గరికొచ్చాడు.

"సార్, మీకు రెండు భాషలు వస్తయి గద. గా దుబాసీ పరీక్ష మీరు రాయరాదు?"

అప్పటికే ప్రకటన వచ్చింది. సరేనన్నాను. అర్జీ ఫారాలు పది తెచ్చాం. మరాఠీలో ఉన్న ఫారాలను వీధిలో ఎప్పుడూ నింపేది రవళే కాబట్టి నాతో కలిపి వీధిలో తొమ్మిది మందివీ తనే నింపింది. ఒకటి మిగిలింది. పారెయ్యడం ఎందుకని దాంట్లో తన పేరు రాసింది. ఫారంలో వయసు గడి లేదు. పిల్లలను ఉత్తర్వు ద్వారా నిషేధించాం కనుక మళ్లీ వయసు అడగడం దండగని ఆ గడి తీసేశారట.

పరీక్షకు ఒక చిక్కొచ్చింది. రెండు భాషలూ వచ్చినవాళ్లు ఉంటే తప్ప పేపరు దిద్దలేరు. రెండు భాషలూ వచ్చినవాళ్లను ఎంపిక చేయడానికే ఈ పరీక్ష. సహస్రబుద్ధే ఆలోచించి, పేపరు వద్దన్నాడు. క్యూలోంచి ఒక ఆడమనిషిని పిలిపిస్తాడు, తాను ప్రశ్న అడుగుతాడు, అభ్యర్థి తర్జుమా చెయ్యాలి. తనకు అర్థమయ్యే జవాబొస్తే పాసు.

నా వంతుకు గుండ్ల రాజవ్వ వచ్చింది. మోకాళ్ల నొప్పులు. ఎన్నాళ్లుగా బాధ ఉందో అడగమన్నాడు అధికారి. నేను రాజవ్వ వైపు తిరిగి, స్పష్టంగా, తప్పు లేకుండా, "అమ్మా, తమరికి ఈ జానుపీడ ఎంతకాలముగా కలదు?" అన్నాను. కొలువులో ఉన్నానన్న గౌరవం కొద్దీ అలా వచ్చింది.

రాజవ్వ నన్ను కాసేపు చూసి, "సారుకేమైందే? పొద్దుగాల మంచిగనే ఉండె," అంది.

నేను తప్పాను. మరో ఎనిమిది మంది కూడా తప్పారు. రవళి లోపలికి వచ్చి, "పెద్దమ్మా, మోకాళ్లు ఎప్పట్సంది గుంజుతున్నయే?" అంది. రాజవ్వ అన్నీ చెప్పేసింది, అడగని కోడలి సంగతి కూడా. రవళి కోడలిని వదిలేసి మోకాళ్లను మాత్రం మరాఠీలో చెప్పింది. అధికారి రాసుకున్నాడు. అక్కడున్న గుమాస్తాలు చప్పట్లు కొట్టారు. తర్వాతే సహస్రబుద్ధే తల ఎత్తి, ఆ అభ్యర్థి గడ్డం బల్ల అంచుకు ఆనుతోందని గమనించాడు.

జిల్లా మొత్తం మీద పాసైంది ఒక్క మనిషే. ఆ మనిషి తర్జుమా చేయకుండా ఉండటానికే ఈ పరీక్ష పెట్టారు. ఇంకొకరయితే తల పట్టుకునేవారు. సహస్రబుద్ధే రెండు రోజులు ఫైలు చూసి నియామక ఉత్తర్వు రాశాడు:

"శ్రీమతి అడెపు రవళి గారిని తాత్కాలిక దుబాసీగా నియమించడమైనది. వీరిని ప్రతి పనిదినము ఉదయము పదకొండు నుండి మధ్యాహ్నము ఒంటిగంట వరకు వయోజనురాలిగా పరిగణింపవలెను. జీతము చెల్లించినచో బాలకార్మికురాలగుదురు కనుక జీతము లేదు."

ఒక బల్ల, కుర్చీ, కుర్చీ మీద రెండు దిండ్లు, మెడలో వేసుకునే గుర్తింపు కార్డు ఇచ్చారు. బడిలో ఆ రెండు గంటలూ ఆమెను హాజరు వేసి, 'విధి నిర్వహణలో' అని పక్కన రాసేవాళ్లు. ఆ రెండు గంటల్లోనే లెక్కలు, సైన్సు జరిగేవి.

పదహారు రోజులు మా వీధి సుఖపడింది. రవళి కాదు. ఇదివరకు వీధిలో నలుగురి మాటలే మోసేది, ఇప్పుడు మొత్తం పట్నంలోని తెలుగువాళ్లందరివీ మోయాల్సి వచ్చింది. మొగుడు కొట్టినవాళ్లు, బిడ్డ పోయినవాళ్లు, కాన్పు కష్టమైనవాళ్లు అందరూ ఆ బల్ల ముందు కూర్చొని చెప్పేవాళ్లు. ఒంటిగంటకు కార్డు తీసి సొరుగులో పెట్టి బడికి పోయేది. ఒకసారి దారిలో కనపడితే, "ఎట్లుందే కొలువు?" అని అడిగాను.

"మంచిగనే ఉంది సార్," అంది. కొంచెం దూరం నడిచాక, "ఇంటికి పోయినంక నాకేం మాట్లాడబుద్ధి అయితలేదు," అంది.

పదిహేడో రోజు భూలక్ష్మి నంబరు వచ్చింది.

ఆమె నడవలేకపోతోందని నేను వెంట పోయాను. ఆ రోజు క్యూలో ఇంకో ఆరుగురు ఆడవాళ్లున్నారు. భూలక్ష్మి బల్ల ముందు కూర్చుంది. అవతల దిండ్ల మీద కూతురు.

"అర్జీదారు పేరు?" అన్నాడు సహస్రబుద్ధే.

"అమ్మా, నీ పేరు చెప్పుమంటున్నడు," అంది రవళి.

"నా పేరు నీకెర్కలేదా?" అంది భూలక్ష్మి.

రవళి దాన్ని తర్జుమా చేసింది. తనకిచ్చిన పని అదే కదా. సహస్రబుద్ధే కలం ఆపాడు. ఈ తల్లీకూతుళ్ల మీద నివేదిక రాసింది తనే గాని, ఆ ఫైలు వేరు.

"దుబాసీ గారూ, అర్జీదారు పేరు మీకెలా తెలుసు?"

"మా అమ్మ సార్."

ఆయన వెంటనే నియమావళి తీశాడు. తొమ్మిదో నియమం ప్రకారం దుబాసీ తన బంధువుల మాటలను తర్జుమా చేయరాదు. తర్వాత ఏదో అనుమానమొచ్చి, "మిగతావారిని మీరు ఏమని పిలుస్తున్నారు? 'పెద్దమ్మ' అనగా ఏమి?" అన్నాడు.

"అమ్మకు అక్క సార్."

"'అత్త' అనగా?"

"నాన్నకు చెల్లె."

ఆయన రిజిస్టరు తిరగేశాడు. పదహారు రోజుల్లో దుబాసీ గారు నూట పన్నెండు మంది పెద్దమ్మలకు, చిన్నమ్మలకు, అత్తలకు పని చేసిపెట్టారు. ఆయన ఇంట్లో వంటమనిషిని మౌశీ అనే పిలుస్తారు, అంటే చిన్నమ్మ అనే. ఆ సంగతి ఆఫీసువేళల్లో ఆయనకు గుర్తుండదు. నూట పన్నెండు ఫైళ్లనూ నిలిపివేశాడు.

కాని ఆయన మనసు చెడ్డది కాదు. రోగులు ఇబ్బంది పడకూడదని అక్కడికక్కడే ఒక మార్గం కనిపెట్టాడు. వయసును రెండు గంటలు పెంచగా లేనిది, బంధుత్వాన్ని రెండు గంటలు ఆపితే తప్పేమిటి? గుమాస్తా చేత ఎవరి బంధుత్వానికి వాళ్లదిగా కాగితాలు టైపు చేయించాడు. పదకొండు నుంచి ఒంటిగంట వరకు దుబాసీకి, తనకు ఏ బంధుత్వమూ లేదని అర్జీదారు సంతకం చెయ్యాలి. చదువురానివారికి దాన్ని వివరించి వేలిముద్ర తీసుకోవాలి. వివరించడం దుబాసీ విధి.

క్యూలో ఉన్న ఆరుగురికీ రవళి వివరించింది. "ఒంటిగంట దాంక నేను మీకేం కానట, గిక్కడ ఏలుముద్ర పెట్టుమంటున్నడు." వాళ్లు నవ్వుకుంటూ పెట్టేశారు. "ఒంటిగంట కాంగనే ఇంటికి రా, చాయ తాగుదువు," అంది ఒకామె.

తర్వాత కాగితం భూలక్ష్మి ముందుకొచ్చింది.

"దీంట్ల ఏమున్నదే?" అందామె.

రవళి కాగితం చూసింది. తల్లిని చూసింది. కింద చూసింది. ఆ పిల్ల నోట మాట రాకపోవడం నేను చూడటం అదే మొదటిసారి.

"ఏందే? ఏం రాసిండ్రు? ఆపరేషన్ చెయ్యరటనా?"

రవళి పెదవులు కదిలాయి గాని ఏ భాషా రాలేదు. నేను చెప్పబోయాను. "ప్రమాణపత్రము లేని వ్యక్తి నోరు తెరవరాదు," అన్నాడు సహస్రబుద్ధే. తర్వాత ఆలస్యమవుతోందని విసుక్కొని, కాగితం తనే తీసుకొని పైకి చదవడం మొదలుపెట్టాడు. మొదటి వాక్యం, ఈమె నా కూతురు కాదు.

పన్నెండేళ్లలో చెవిన పడిన మరాఠీలో భూలక్ష్మికి 'ములగీ' అంటే కూతురని, 'నాహీ' అంటే కాదని తెలుసు. ఆమె బల్ల పట్టుకొని లేచింది. ఒక చెయ్యి కూతురి భుజం మీద వేసింది.

"హే ములగీ మాఝా," అంది. ఇది నా బిడ్డ.

ఆమె రెండో చెయ్యి పొత్తికడుపు మీద పెట్టుకుంది. "పోట్ దుఖతే. తీన్ మహినా. రక్త్ జాతే. ఆపరేషన్ పాయిజే." కడుపు నొప్పి, మూడు నెలలు, రక్తం పోతోంది, ఆపరేషన్ కావాలి. తర్వాత తెలుగులో, "ఇగ గా కాయితం నువ్వే పెట్టుకో," అని కూర్చుంది.

పంతుల్ని కాబట్టి చెబుతున్నాను, ఆ మరాఠీలో లింగం తప్పు, వచనం తప్పు, క్రియ తప్పు. అర్థం కానివాడు ఆ గదిలో లేడు.

సహస్రబుద్ధే చాలాసేపు నియమావళి చూశాడు. "అర్జీదారు రాష్ట్రభాషలో మాట్లాడినారు. కావున దుబాసీ అవసరము లేదు. దుబాసీ లేనప్పుడు బంధుత్వము ప్రశ్నయే రాదు," అని సిఫారసు కాగితం మీద సంతకం పెట్టి ముద్ర వేశాడు. ముద్ర ఆరాక ఇంకో విషయం తోచింది. ఈ కేంద్రం రాష్ట్రభాష రానివారి కోసమే. భూలక్ష్మికి వచ్చు. కనుక ఆమె ఇకపై అనర్హురాలు. మర్నాటి నుంచి ఆమె పేరు జాబితాలోంచి తీసేశారు. కాగితం అప్పటికే మా చేతిలో ఉంది.

బయటికొచ్చాక రవళి మెట్ల మీద కూర్చొని ఏడ్చింది. భూలక్ష్మి ఊరుకోమనలేదు. పక్కనే కూర్చొని, "కొలువు ఒద్దని చెప్పు," అంది.

రవళి మర్నాడు రాజీనామా రాసిచ్చింది. మైనరు సంతకం చెల్లదని, కన్నతల్లి సంతకం కావాలని తిప్పి పంపారు. భూలక్ష్మి పోయి పెట్టొచ్చింది. ఈమెకు, ఆ బాలికకు సంబంధం ఏమిటని గుమాస్తా అడిగితే, ఆమె ముందురోజు నేర్చిన వాక్యమే చెప్పిందట.

ఆ వారం నుంచి క్యూలో ఆడవాళ్లు మోకాలి మీద, నడుము మీద చెయ్యి పెట్టుకొని తలా నాలుగు తప్పులతో మాట్లాడటం మొదలుపెట్టారు. భూలక్ష్మికి వచ్చినప్పుడు మాకెందుకు రాదన్నది రాజవ్వ. నిలిచిపోయిన నూట పన్నెండు ఫైళ్లూ ఒక్కొక్కటిగా కదిలాయి. ఏడాది చివర కేంద్రం నివేదికలో, దుబాసీ నియామకం ఫలితంగా కేవలం నెల రోజుల్లో వలస మహిళలకు రాష్ట్రభాష వచ్చిందని, ఇతర జిల్లాలు కూడా ఈ పద్ధతిని పాటించవచ్చని రాశారు. సహస్రబుద్ధేకు శాలువా కప్పారు. సభకు మమ్మల్ని కూడా పిలిచారు, పోయి చప్పట్లు కొట్టాం.

భూలక్ష్మికి ఆపరేషన్ అయింది. గడ్డ చెడ్డది కాదన్నారు. పన్నెండు రోజులు వార్డులో ఉంది. అటు పక్క మంచం మీద ఒక మరాఠీ ముసలామె, ఇటు పక్క ఒక గుజరాతీ ఆమె. ముగ్గురూ ఏం మాట్లాడుకున్నారో, ఏ భాషలో మాట్లాడుకున్నారో తెలియదు గాని, ఆయాలు వచ్చి గొంతు తగ్గించమని రెండుసార్లు చెప్పారట.

కుట్లు విప్పే రోజున నేనూ రవళీ పోయాం. తల్లితో పాటు రవళి కూడా డాక్టరు గదిలోకి అడుగుపెట్టబోయింది. భూలక్ష్మి తలుపు దగ్గర ఆపింది.

"నువ్వు గిక్కడ కూసో. నేను మాట్లాడొస్త."

తలుపు ఓరగా ఉంది, దాని పక్కనే నిలబడ్డ నాకు మాటలు వినిపిస్తున్నాయి. డాక్టరు ఆమెకు నిదానంగా చాలా సంగతులు చెప్పాడు. ఆరు వారాలు బరువు ఎత్తొద్దన్నాడు. కండెల యంత్రం ముందు కూర్చోవద్దన్నాడు. రక్తం తక్కువగా ఉందని, మాత్రలు మానొద్దని, మళ్లీ వచ్చి చూపించుకోవాలని అన్నాడు. భూలక్ష్మి "హో, హో" అంటూ తలూపింది. రవళి బెంచీ మీద కాళ్లూపుకుంటూ కూర్చుంది. వినాలని మెడ చాపింది గాని మగవార్డు వైపు నుంచి వస్తూ పోతూ ఉన్న స్ట్రెచర్ల చప్పుడుకు బెంచీ దాకా ఏమీ వినపడలేదు.

తల్లి బయటికొచ్చింది.

"ఏమన్నడే అమ్మా డాక్టరు?"

"మంచిగున్నదన్నడు. నిన్ను రేపట్సంది పొద్దు మొత్తం బడికి పొమ్మన్నడు."

"గంతేనా? గంత సేపు మాట్లాడిండు గదా!"

భూలక్ష్మి కొంగు సర్దుకొని, గోడ పట్టుకొని మెట్లు దిగడం మొదలుపెట్టింది.

"మరాఠీల గంత సేపు పడ్తది బిడ్డా," అంది. "తెలుగుల గింతే."